ర్యామ్ డబ్బా మీద 3200, స్క్రీన్ మీద 2133: అసలు స్పీడు రాబట్టుకోవడం ఎలా?

"అన్నా, ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపులో 3200 ర్యామ్ అని చెప్పి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే 2133 చూపిస్తోంది. మోసపోయానా?"

బెంగళూరులో కొత్తగా పీసీ అసెంబుల్ చేయించుకున్న మనవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. మారతహళ్లి పీజీలో ఉండే కుర్రాడైనా, వైట్‌ఫీల్డ్‌లో ఇంటి నుంచి పనిచేసే ఇంజినీరైనా ప్రశ్న ఒకటే. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చాలావరకు ఇది మోసం కాదు. ర్యామ్ స్టిక్ మీద ఉండే ఒక చిన్న చిప్‌లో రెండు రకాల సెట్టింగులు రాసి ఉంటాయి. మొదటిది జెడెక్ ప్రమాణం, అంటే ఏ మదర్‌బోర్డులో పెట్టినా పనిచేయాల్సిన స్పీడు. పాత తరం డీడీఆర్4 ర్యామ్‌లో అది 2133, 2400, 2666 లాంటివి, 1.2 వోల్టుల దగ్గర. కొత్త తరం డీడీఆర్5లో సాధారణంగా 4800 నుంచి మొదలు, 1.1 వోల్టుల దగ్గర. రెండోది, కంపెనీ తాను పరీక్షించి రాసిపెట్టిన వేగవంతమైన ప్రొఫైల్. దీన్ని ఇంటెల్ ఎక్స్‌ఎంపీ అంటుంది. ఏఎండీ 2022లో డీడీఆర్5 కోసం తెచ్చినదాని పేరు ఎక్స్‌పో. డబ్బా మీద అచ్చువేసేది ఈ రెండో స్పీడు. బోర్డు మాత్రం మీరు చెప్పేదాకా మొదటిదే వాడుతుంది. షాపులో విండోస్ ఎక్కించి, స్క్రీన్ వెలిగిందా లేదా చూసి ప్యాక్ చేసేస్తారు. ఈ ప్రొఫైల్ ఆన్ చేసి ఇచ్చేవాళ్లు తక్కువ.

ఆన్ చేయడం ఐదు నిమిషాల పని. అది నిజంగా నిలబడిందని తేల్చుకోవడం ఒక రాత్రి పని. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. నెల తర్వాత బ్లూ స్క్రీన్ వస్తే విండోస్‌ను తిట్టుకుంటారు. అందుకే ఇక్కడ టెస్టింగ్ గురించే ఎక్కువ రాశాను.

దీనివల్ల లాభం ఎవరికి?

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆటలు ఆడేవాళ్లకు (ఏఎండీ రైజెన్ 5 5600జీ లాంటివి) తేడా కంటికి కనిపిస్తుంది. పెద్ద కోడ్ కంపైల్ చేసేవాళ్లకు, ప్రాసెసర్ మీద భారం పడే ఆటలు ఆడేవాళ్లకు కొంత లాభం. బ్రౌజింగ్, ఆఫీసు పనులు, సినిమాలకే వాడేవాళ్లకు తేడా తెలియదు.

ఇంకో మాట. మీ పీసీలో ఒకే ఒక్క స్టిక్ ఉంటే స్పీడు సంగతి తర్వాత, ముందు రెండో స్టిక్ సంగతి చూడండి. 3200 స్టిక్ ఒకటే ఉంటే సెకనుకు 25.6 జీబీ. 2133 స్టిక్‌లు రెండు ఉంటే సుమారు 34 జీబీ. ప్రొఫైల్ ఆన్ చేసినా ఒంటరి స్టిక్ ఆ జంటను అందుకోలేదు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్, ఇంకో డిస్కులో. ర్యామ్ తప్పులు చేస్తే ఆ తప్పులే ఫైళ్లలోకి వెళ్తాయి, మీకు తెలియకుండానే.
- బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకు తాళం వేసే సౌకర్యం) రికవరీ కీ. 48 అంకెలుంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉండొచ్చు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు సెట్టింగులుండే సాఫ్ట్‌వేర్) ఏదైనా మార్చాక విండోస్ ఆ కీ అడిగితే, ఆ సమయంలో వెతుక్కోవడం పెద్ద టెన్షన్. కీ ముందే ఫోన్లో దాచుకోండి, లేదా బిట్‌లాకర్‌ను కాసేపు సస్పెండ్ చేయండి.
- 8 జీబీ అయినా సరే, ఒక ఖాళీ పెన్‌డ్రైవ్.
- ర్యామ్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్.
- మీ బోర్డు మాన్యువల్. పుస్తకం లేకపోతే కంపెనీ సైటులో పీడీఎఫ్ దొరుకుతుంది.
- ఒక చిన్న స్క్రూడ్రైవర్.

ఆఫీసు వాళ్లిచ్చిన కంప్యూటర్ మీద ఇది చేయకండి. లాప్‌టాప్ వాళ్లకు కూడా దీనివల్ల పెద్దగా ఉపయోగం లేదు, చాలా లాప్‌టాప్‌ల బయోస్‌లో ఈ ఆప్షనే ఉండదు.

1. ఇప్పుడు ఎంత స్పీడులో నడుస్తోందో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేస్తే కుడివైపు కింద స్పీడ్ అని ఉంటుంది. ఆ అంకె రాసుకోండి. దాని కిందే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో కూడా ఉంటుంది.

తర్వాత సీపీయూ-జెడ్ తెరిచి మెమరీ ట్యాబ్ చూడండి. ఇక్కడే చాలామంది కంగారు పడతారు. 3200 ర్యామ్‌కు అందులో 1600 అని కనిపిస్తుంది. అది తప్పు కాదు. డీడీఆర్ మెమరీ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది, సీపీయూ-జెడ్ అసలు క్లాక్‌నే చూపిస్తుంది. కాబట్టి రెండుతో గుణించుకోండి. 1596 లాంటి అంకె వచ్చినా 3200 అనే లెక్క.

2. స్టిక్‌లో ప్రొఫైల్ ఉందో లేదో చూడండి

సీపీయూ-జెడ్‌లోనే ఎస్‌పీడీ ట్యాబ్‌లో స్లాట్ ఎంచుకుంటే కింద ఒక పట్టిక వస్తుంది. కుడి చివర వరుసలో ఎక్స్‌ఎంపీ-3200 అనో, ఎక్స్‌పో-6000 అనో, కింద 1.35 వోల్టులనో ఉంటే మీ స్టిక్‌లో ప్రొఫైల్ ఉన్నట్టే.

అలాంటి వరుసే లేకపోతే? హీట్‌సింక్ లేని మామూలు పచ్చ రంగు స్టిక్‌లలో కొన్ని 1.2 వోల్టులతోనే, 22 టైమింగ్‌తో (అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే క్లాక్‌ల లెక్క, ఎంత తక్కువైతే అంత మేలు), 3200 నడుస్తాయి. వాటికి ప్రొఫైల్ అక్కర్లేదు, బోర్డు, ప్రాసెసర్ ఒప్పుకుంటే వాటంతటవే ఆ స్పీడు అందుకుంటాయి. అందుకోవట్లేదంటే అడ్డం బోర్డు దగ్గరో ప్రాసెసర్ దగ్గరో ఉంది.

ప్రొఫైల్‌లో ఉన్న అంకె డబ్బా మీది అంకెతో సరిపోకపోతే మాత్రం అది షాపు వాళ్లతో మాట్లాడాల్సిన విషయం. బిల్లు, స్టిక్కర్ ఫోటో పట్టుకుని వెళ్లండి.

3. బోర్డు ఒప్పుకుంటుందా?

ఏఎండీలో బీ450, బీ550, ఏ520, బీ650 బోర్డులన్నింటిలో మెమరీ స్పీడు పెంచుకోవచ్చు. ఇంటెల్‌లో 2021లో వచ్చిన బీ560 నుంచి బీ వరుస బోర్డులకు కూడా ఈ సౌకర్యం ఇచ్చారు. బీ660, బీ760 కూడా అంతే. అంతకు ముందు జెడ్ వరుసకే ఉండేది. హెచ్510, హెచ్610 బోర్డుల్లో మెమరీ ఓవర్‌క్లాకింగ్ (అధికారిక స్పీడు దాటించడం) లేదు. డీడీఆర్4 హెచ్610 బోర్డులో 3600 స్టిక్ పెట్టినా 3200 దాటదు. బడ్జెట్ పీసీల్లో ఈ బోర్డు చాలా కనిపిస్తుంది. మీది అదే అయితే 3200 దగ్గర ఆగిపోండి, కొత్త బోర్డు కొనేంత తేడా అందులో లేదు.

వారంటీ సంగతి కూడా తెలిసే ముందుకెళ్లండి. ఇంటెల్, ఏఎండీ రెండూ ఈ ప్రొఫైళ్లను ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కేస్తాయి. రైజెన్ 5000కు అధికారిక స్పీడు 3200, రైజెన్ 7000కు 5200. అంతకు మించి నడిపితే ఆ బాధ్యత మీదే అని షరతుల్లో ఉంటుంది.

4. స్టిక్‌లు సరైన స్లాట్లలో ఉన్నాయా?

పీసీ ఆపి, వైరు పీకి, పక్క ప్యానెల్ తీయండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్‌లుంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి ఉండాలి. మాన్యువల్‌లో వీటిని ఏ2, బీ2 అంటారు. పక్కపక్కనే పెట్టి ఇచ్చిన పీసీలు నేను చాలా చూశాను. మొదటి, మూడో స్లాట్లలో పెట్టినా పనిచేస్తుంది కానీ, ఎక్కువ స్పీడు దగ్గర సిగ్నల్ చెడి ఎర్రర్లు వస్తాయి.

స్టిక్ రెండు కొనలూ సమానంగా దిగాయో లేదో వేలితో నొక్కి చూడండి. చాలా బోర్డుల్లో క్లిప్ ఒకవైపే ఉంటుంది. ఆ వైపు క్లిక్ మని శబ్దం వస్తుంది, రెండో కొన మాత్రం వెంట్రుకవాసి పైకి లేచి ఉంటుంది. 2133లో ఏ సమస్యా చూపించని స్టిక్ 3600లో మొరాయించడానికి ఇది కూడా కారణమే.

5. బయోస్ అప్‌డేట్

డీడీఆర్4 పీసీ బాగా నడుస్తుంటే ఈ మెట్టు దాటేయొచ్చు. డీడీఆర్5 వాళ్లు మాత్రం తప్పక చేయండి. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు, ముఖ్యంగా ఎక్స్3డీ రకాలు, ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానికి వెళ్లేది) మరీ ఎక్కువ ఇవ్వడంతో కాలిపోయాయి. ఆ తర్వాత ఏఎండీ ఆ వోల్టేజీని 1.3 దగ్గర కట్టేసింది. ఆ కట్టడి కొత్త బయోస్‌లోనే ఉంటుంది. పాత బయోస్ మీద ఎక్స్‌పో ఆన్ చేయకండి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పాడైపోవచ్చు. బెంగళూరులో మే, జూన్ సాయంత్రాలు గాలివాన మొదలైతే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉందిలే అనుకోకండి, అది అందుకునే ఆ కొన్ని సెకన్లు చాలు. యూపీఎస్ ఉంటే దాని మీద చేయండి. లేకపోతే ఆకాశం తేటగా ఉన్న పొద్దున పూట పెట్టుకోండి.

6. ప్రొఫైల్ ఆన్ చేయండి

పీసీ ఆన్ చేస్తూ డిలీట్ కీ (కొన్నింటిలో ఎఫ్2) కొడుతూ ఉండండి. మరీ త్వరగా విండోస్‌లోకి వెళ్లిపోతుంటే, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ దారిలో వెళ్లండి.

ఏదీ మార్చకముందే ప్రతి పేజీకి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తర్వాత వెనక్కి రావాల్సి వస్తే ఈ ఫోటోలే దిక్కు.

కొత్త బోర్డుల్లో మొదటి పేజీలోనే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో బటన్ ఉంటుంది. లేకపోతే అడ్వాన్స్‌డ్ మోడ్‌లోకి వెళ్లి వెతకండి. ఆసుస్‌లో ఏఐ ట్వీకర్ కింద ఉంటుంది, పాత ఏఎండీ బోర్డుల్లో పేరు డీఓసీపీ. ఎంఎస్ఐలో ఓసీ పేజీలో, ఏఎండీ బోర్డయితే ఏ-ఎక్స్‌ఎంపీ అని. గిగాబైట్‌లో ట్వీకర్‌లో. ఏఎస్‌రాక్‌లో ఓసీ ట్వీకర్‌లో.

ప్రొఫైల్ 1 ఎంచుకోండి. రెండు ప్రొఫైళ్లు కనిపిస్తే వాటి అంకెలు పక్కనే ఉంటాయి, డబ్బా మీది దానితో సరిపోయేది తీసుకోండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. "గేమ్ బూస్ట్" లాంటి బటన్లు ప్రాసెసర్‌ను కూడా కదిలిస్తాయి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే తర్వాత తప్పు ఎక్కడుందో తెలియదు.

ఎఫ్10 నొక్కండి. ఏమేం మారాయో ఒక జాబితా చూపిస్తుంది. స్పీడు, టైమింగులు, వోల్టేజీ మాత్రమే అందులో ఉన్నాయని చదివి చూసుకుని ఓకే చేయండి.

7. స్క్రీన్ నల్లగా ఉంటే కంగారు పడకండి

ఇప్పుడు బోర్డు కొత్త స్పీడుకు మెమరీని సర్దుకుంటుంది. దీన్ని ట్రైనింగ్ అంటారు. డీడీఆర్4లో కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. డీడీఆర్5లో, ముఖ్యంగా రైజెన్ 7000 లాంటివి పెట్టే ఏఎం5 బోర్డుల్లో, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, స్క్రీన్ మీద ఏమీ రాదు, బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతుంటుంది. ఇక్కడ భయపడి పవర్ బటన్ నొక్కేసేవాళ్లే ఎక్కువ. పదిహేను నిమిషాలు ఆగండి.

అప్పటికీ రాకపోతే ఆపేసి మళ్లీ ఆన్ చేయండి. కొన్నిసార్లు విఫలమయ్యాక చాలా బోర్డులు తమంతట తామే పాత స్పీడుకు వచ్చేస్తాయి. రాకపోతే సీమాస్ క్లియర్ చేయాలి, అంటే బోర్డు గుర్తుపెట్టుకున్న బయోస్ సెట్టింగులు చెరిపేయాలి. వైరు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. మాన్యువల్‌లో చూపించిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో పది సెకన్లు కలిపి ఉంచండి. పిన్నులు దొరక్కపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి, ఐదు నిమిషాల తర్వాత పెట్టండి. బయోస్ మొదటి స్థితికి వస్తుంది, ఏమీ పాడవదు.

8. ఇప్పుడు అసలు పని: టెస్టింగ్

విండోస్ వచ్చింది, టాస్క్ మేనేజర్‌లో 3200 కనిపించింది. పని అయిపోలేదు. బూట్ అవడం వేరు, తప్పు లేకుండా నడవడం వేరు.

మొదటి రాత్రి: ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచి బూట్ చేసి, నాలుగు పాస్‌లు (పూర్తి రౌండ్లు) అయ్యేదాకా వదిలేయండి. 16 జీబీకి కొన్ని గంటలు పడుతుంది. పొద్దున లేచాక ఎర్రర్స్ అన్నచోట సున్నా ఉండాలి. "ఒక్కటే వచ్చింది, పర్వాలేదా?" అని అడుగుతారు. పర్వాలేదు అనడానికి లేదు. ఒక్కటి వచ్చినా ఫెయిలే.

మరుసటి రోజు: విండోస్‌లోనే టెస్ట్‌మెమ్5 గానీ, ఓసీసీటీలోని మెమరీ టెస్ట్ గానీ గంటకు పైగా నడపండి. మెమ్‌టెస్ట్86లో గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉంటుంది. ఆటలో అది కక్కే వేడి ర్యామ్‌కు తగులుతుంది. డీడీఆర్5కు ఈ వేడి బొత్తిగా పడదు. అందుకే పాస్ అయ్యాక మీరు రోజూ ఆడే ఆట ఒక గంట ఆడండి, వెంటనే మళ్లీ టెస్ట్ పెట్టండి. డిసెంబరు చలిలో పాసైన పీసీ ఏప్రిల్ మధ్యాహ్నం, కిటికీలు మూసిన గదిలో ఫెయిలవడం ఇక్కడ కూడా జరుగుతుంది. చలికాలంలో సెట్ చేసినవాళ్లు వేసవిలో ఇంకోసారి టెస్ట్ చేయండి.

రాత్రి పూర్తిగా ఆపి, గోడ దగ్గర స్విచ్ కూడా తీసి, పొద్దున ఆన్ చేసి చూడండి. స్లీప్‌లో పెట్టి లేపండి. ఈ రెండింటి దగ్గరే తడబడే పీసీలుంటాయి.

తర్వాతి రోజుల్లో ఇవి గమనించండి: మెమరీ మేనేజ్‌మెంట్, ఐఆర్‌క్యూఎల్ పేర్లతో బ్లూ స్క్రీన్లు, జిప్ ఫైలు విప్పేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్, బ్రౌజర్ ట్యాబ్‌లు కారణం లేకుండా కూలిపోవడం, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ కింద డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల) హెచ్చరికలు. ఇందులో ఏది కనిపించినా ప్రొఫైల్ ఆపేసి చూడండి. ఆగిపోయాయంటే సంగతి తెలిసిపోయినట్టే.

9. ఫెయిలైతే ఈ వరుసలో ప్రయత్నించండి

ముందు ప్రొఫైల్ తీసేసి, మామూలు స్పీడులో మెమ్‌టెస్ట్86 నడపండి. అక్కడ కూడా ఎర్రర్ వస్తే స్పీడు సమస్య కాదు. ఒక్కో స్టిక్‌నే పెట్టి టెస్ట్ చేసి, చెడ్డది ఏదో తేల్చి, వారంటీకి తీసుకెళ్లండి.

మామూలు స్పీడులో బాగుంటే:

ప్రొఫైల్ ఆన్‌లోనే ఉంచి స్పీడు మాత్రం ఒక మెట్టు దించండి. 3600ను 3466కు, అదీ కాకపోతే 3200కు. 6000ను 5800కు, తర్వాత 5600కు. టైమింగులు, వోల్టేజీ అలాగే ఉంటాయి కాబట్టి భారం తగ్గుతుంది. చాలామందికి దీంతోనే సమస్య తీరుతుంది. 6000 కొని 5600లో నడపడం నష్టమేమీ కాదు, ఆ తేడా మీకు ఆటలో తెలియదు. వారానికోసారి వచ్చే బ్లూ స్క్రీన్ మాత్రం తెలుస్తుంది.

డబ్బు పెట్టి కొన్న స్పీడు కావాల్సిందే అంటే, డీడీఆర్4లో వోల్టేజీని 1.35 నుంచి 1.38కి, ఆ తర్వాత 1.40కి పెంచి చూడండి. అంతకు మించి వెళ్లకండి. డీడీఆర్5లో ప్రొఫైల్ ఇచ్చిన వోల్టేజీ మీదే ఉండమంటాను.

ఇంటెల్ 11వ తరం నుంచి గేర్ అనే సెట్టింగ్ ఉంది. గేర్ 1లో ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమానంగా, గేర్ 2లో సగం స్పీడులో నడుస్తుంది. 12వ తరంలో కే అక్షరం లేని ప్రాసెసర్లలో ఆ కంట్రోలర్‌కు వెళ్లే సిస్టమ్ ఏజెంట్ వోల్టేజీ మార్చడానికి వీలుండదు, అందువల్ల 3600 గేర్ 1లో నిలబడకపోవచ్చు. గేర్ 2 పెడితే స్పీడు అంకె వస్తుంది కానీ ఆలస్యం పెరుగుతుంది. ఆ పరిస్థితిలో గేర్ 1లో 3200 ఉంచుకోవడమే మేలు.

నాలుగు స్టిక్‌లు పెట్టినవాళ్లు ఆశ తగ్గించుకోవాలి. రైజెన్ 7000లో డీడీఆర్5 స్టిక్‌లు నాలుగుంటే ఏఎండీ అధికారికంగా చెప్పే స్పీడు 3600 మాత్రమే. 64 జీబీ కావాలంటే 16 చొప్పున నాలుగు కాకుండా 32 చొప్పున రెండు కొనండి.

కొనేటప్పుడు

ఎస్పీ రోడ్డులో రెండో స్టిక్ కొనడానికి వెళ్లేవాళ్లకు: అదే కంపెనీ, అదే మోడల్ అయినా లోపలి చిప్‌లు వేరుగా ఉండొచ్చు. కొన్ని కంపెనీలు స్టిక్కర్ మీద వెర్షన్ నంబర్ వేస్తాయి. మీ స్టిక్కర్ ఫోటో తీసుకెళ్లి అదే నంబర్ ఉన్నది అడగండి. ఇంకా కొనని వాళ్లయితే విడి స్టిక్‌లు రెండు కాకుండా, ఒకే డబ్బాలో జతగా వచ్చే కిట్ తీసుకోండి. ఆ జతను కంపెనీ కలిపి పరీక్షించి ఉంటుంది.

టైమింగ్ కూడా చూడండి. 3200కు 16, 3600కు 18, 6000కు 30: మూడింటి ఆలస్యం ఒకటే, 10 నానోసెకన్లు. టైమింగ్‌ను 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే ఇది వస్తుంది. 3600 అని పెద్ద అక్షరాలతో రాసి, కింద చిన్నగా 22 అని ఉంటే దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఇంకొకటి. బయోస్ అప్‌డేట్ చేసినా, సీమాస్ క్లియర్ చేసినా, బోర్డు బ్యాటరీ అయిపోయినా ఈ సెట్టింగ్ పోతుంది, ర్యామ్ చప్పుడు లేకుండా 2133కో 4800కో వెళ్లిపోతుంది. అలా జరిగినప్పుడల్లా టాస్క్ మేనేజర్ ఒకసారి చూసుకుని, ప్రొఫైల్ మళ్లీ ఆన్ చేయండి. అప్‌డేట్ తర్వాతయితే రాత్రి టెస్ట్ కూడా మళ్లీ పెట్టండి, ఎందుకంటే కొత్త బయోస్ మెమరీని వేరేలా ట్రైన్ చేయొచ్చు.